డిక్కీలో ఘటం

కారులో సబ్‌వూఫర్ అనగానే ఎన్ని వాట్లు, ఎన్ని అంగుళాలు అని అడుగుతారు. బాక్సు ఎన్ని లీటర్లు, దాని పైపు ఎంత పొడవు అని అడిగేవాళ్ళు అరుదు. బేస్ బాగుంటుందా లేదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది. చెన్నైలో ఉన్నవాళ్ళకు ఆ బాక్సు సొంతంగా చేయించుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

మార్గళి కచేరీల్లో ముందు వరసలో చోటు దొరికితే ఘటం వాయించే ఆయన వేళ్ళను కాసేపు వదిలేసి పొట్టవైపు చూడండి. కుండ మూతిని పొట్టకు ఆనించి, కాస్త తెరిచి, మళ్ళీ నొక్కి వాయిస్తుంటారు. మూతి ఎంత తెరుచుకుంటే లోపలి గాలి పలికే మంద్రనాదం అంత పైకి వెళ్తుంది, మూసుకునేకొద్దీ కిందికి దిగుతుంది. విక్కు వినాయకరామ్ లాంటి విద్వాంసులు ఈ విద్యను ప్రపంచమంతా తిప్పి చూపించారు. అక్కడ కుండ మారదు, చెయ్యి మారదు. మారేదల్లా మూతి దగ్గర గాలి కదలడానికి దొరికే చోటు.

జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 1863లో సంగీత ధ్వనుల మీద పుస్తకం వేస్తూ ఇలాంటి గాలిపాత్రల గురించి వివరంగా రాశాడు. లోపల చిక్కుకున్న గాలి స్ప్రింగులా సాగి ముడుచుకుంటుంది. మూతి దగ్గర ఉన్న గాలి ఆ స్ప్రింగుకు కట్టిన బరువు. స్ప్రింగు, బరువు ఉన్నచోట వాటికంటూ ఒక సొంత ఊపు ఉంటుంది. పాత్ర పెద్దదైతే ఆ ఊపు నెమ్మదిస్తుంది. మూతి వెడల్పైతే పెరుగుతుంది. మూతికి పొడుగాటి మెడ తగిలిస్తే మళ్ళీ తగ్గుతుంది.

డిక్కీలో పెట్టుకునే, పైపు ఉన్న పోర్టు బాక్సు శాస్త్రమంతా ఈ నాలుగు మాటల్లోనే ఉంది.

రిచీ స్ట్రీట్‌లో దొరికేది, దొరకనిది

అన్నాసాలై నుంచి చింతాద్రిపేట వైపు తిరిగితే రిచీ స్ట్రీట్. 1734లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు నేతగాళ్ళ కోసం వేయించిన పేట పక్కన ఇప్పుడు రెసిస్టర్ నుంచి సీసీ కెమెరా దాకా అన్నీ అమ్ముతున్నారు. స్పీకర్ కోన్లు, వాయిస్ కాయిళ్ళు, టెర్మినళ్ళు, జాలీలు విడివిడిగా దొరుకుతాయి. ఆదివారం చాలా కొట్లు మూసేసి ఉంటాయి కాబట్టి ఆ రోజు బయల్దేరకండి. కారు సామాన్లకైతే కాస్త దూరంలోనే జనరల్ ప్యాటర్స్ రోడ్డు ఉంది. పాత కారు విడిభాగాలకు పుదుపేట ఉంది. ఒక్క పూట తిరిగితే కావలసినవన్నీ చేతికొస్తాయి.

ఖాళీ బాక్సులు కూడా వరసగా పేర్చి ఉంటాయి. పైన నల్ల కార్పెట్, ముందు గుండ్రటి రంధ్రం, పక్కన ప్లాస్టిక్ పోర్టు. ఒకదాన్ని తట్టి చూస్తూ, "ఇది ఏ స్పీకర్‌కండీ?" అని అడిగాను.

"పదంగుళాలది ఏదైనా పడుతుంది సార్."

"ఎన్ని హెర్ట్జ్‌కి ట్యూన్ చేశారు?"

ఆయన నవ్వి, "బేస్ సూపర్‌గా ఉంటుంది సార్, మీరు పెట్టి చూడండి" అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. కొనేవాళ్ళు అడగని ప్రశ్నకు అమ్మేవాడు జవాబు సిద్ధంగా పెట్టుకోడు కదా. కానీ చిక్కంతా అక్కడే. పదంగుళాల స్పీకర్లన్నీ ఒకటి కావు. ఒకదాని కోన్ బరువు, దాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ బిగువు, వెనక అయస్కాంతం బలం ఇంకొకదానితో కలవవు. ఒకదానికి నప్పిన బాక్సులో మరొకటి ఒకే స్వరం దగ్గర గుబగుబమంటూ, మిగతా పాటంతా ముక్కుతో పాడినట్టు వినిపిస్తుంది.

కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. బాక్సు లేకపోతే ఈ రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎంత ఖరీదైన సబ్‌వూఫరైనా విడిగా బల్ల మీద పెడితే బేస్ రాకపోవడానికి కారణం ఇదే. పూర్తిగా మూసిన బాక్సు వెనక శబ్దాన్ని లోపలే బంధించేస్తుంది. పోర్టు బాక్సు దాన్ని వృథా చేయకుండా, పైపులోని గాలిని ఊపి, దిశ మార్చి, ముందు శబ్దానికి తోడుగా బయటికి పంపుతుంది. ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ దగ్గర కోన్ దాదాపు నిలిచిపోతుంది, శబ్దమంతా పైపే ఇస్తుంది. అంటే పోర్టు గాలిపోయే కన్నం కాదు, రెండో స్పీకరు.

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఆల్బర్ట్ థూరాస్‌కు ఈ పద్ధతి మీద 1932లో అమెరికా పేటెంట్ దక్కింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు తయారీదారులు పైపు కోసి, విని, మళ్ళీ కోసి, అలా చేయి తిరిగిన అంచనాతోనే లాక్కొచ్చారు. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో రాసిన పత్రంతో లెక్క గాడిన పడింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో దాన్ని పూర్తి చేశాడు. ఇవాళ మంచి స్పీకర్ల పెట్టెలో వచ్చే కాగితం మీద ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని కనిపించే అంకెలు వాళ్ళిద్దరి పేరు మీదే నడుస్తున్నాయి. ఆ కాగితం లేని స్పీకర్‌ను ఎంత చౌకగా ఇచ్చినా పోర్టు బాక్సు కోసం కొనవద్దు. మాక్సిమమ్ వాట్లు ఇన్ని వేలు అని స్టిక్కర్ మాత్రం పెద్దదిగా వేసి, ఈ అంకెలు ఇవ్వని సరుకు బజారులో బోలెడంత ఉంది.

ఎఫ్‌ఎస్ అంటే బయట విడిగా ఉన్నప్పుడు కోన్ సొంత ఊపు. క్యూటీఎస్ ఆ ఊపును అయస్కాంతం, సస్పెన్షన్ కలిసి ఎంత గట్టిగా అదుపు చేస్తున్నాయో చెబుతుంది. వీఏఎస్ సస్పెన్షన్ బిగువును లీటర్లలో కొలిచి చెబుతుంది. ముందుగా ఒక చిన్న భాగహారం చేయండి. ఎఫ్‌ఎస్‌ను క్యూఈఎస్‌తో (ఆ అదుపులో అయస్కాంతం వాటాను మాత్రమే చెప్పే అంకె) భాగించినప్పుడు 50 లోపు వస్తే ఆ స్పీకర్‌కు మూసిన బాక్సే మేలు. 100 దగ్గరికి, ఆపైకి వస్తే పోర్టు బాక్సు. 32 హెర్ట్జ్ ఎఫ్‌ఎస్, 0.4 క్యూఈఎస్ ఉంటే 80 వస్తుంది, రెండింటికీ పనికొస్తుంది. ఇది బండగుర్తు మాత్రమే. అసలు లెక్కకు విన్‌ఐఎస్‌డి అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, కాగితం మీది అంకెలు వేస్తే బాక్సు ఎలా పలుకుతుందో గీత గీసి చూపిస్తుంది.

ఎంత కిందికి దిగాలి?

బాక్సు చేసుకునే కుర్రాళ్ళు ఇక్కడే అత్యాశకు పోతారు. 25 హెర్ట్జ్ కావాలంటారు. వినే పాటలేమిటో ముందు చూసుకోవాలి. నాలుగు తీగల బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. సాలిగ్రామంలో ఎల్.వి.ప్రసాద్ నెలకొల్పిన స్టూడియోలో ఇళయరాజా దశాబ్దాల పాటు చేసిన పాటల్లో బేస్ గిటార్ నడక వినాలంటే దాని అడుగుకు కాస్త దిగువన ఆగితే చాలు. కోడంబాక్కంలో ఏ.ఆర్.రెహమాన్ 1989లో పెట్టుకున్న స్టూడియో తర్వాత సింథసైజర్ బేస్ ఇంకా లోతుకు వెళ్ళిన మాట నిజమే. అయినా మన సినిమా పాటలో 35 హెర్ట్జ్ కింద గట్టిగా మోగేది చాలా తక్కువ.

పైగా కారే ఒక సాయం చేస్తుంది. మూసిన క్యాబిన్ లోపలి పొడవు 2.7 మీటర్లనుకుంటే, సుమారు 64 హెర్ట్జ్ కిందికి వచ్చేసరికి అర తరంగం కూడా అందులో పట్టదు. అక్కడినుంచి స్పీకరు క్యాబిన్ మొత్తం గాలిని ఒత్తుతూ వదులుతూ ఉంటుంది, కిందికి పోయేకొద్దీ బేస్ దానంతటదే పెరుగుతుంది. ఇంట్లో పల్చగా అనిపించిన బాక్సు కారులో నిండుగా పలకడం ఈ కారణం వల్లే.

కాబట్టి 35 హెర్ట్జ్‌కు కడదాం. పదంగుళాల స్పీకర్, లోపల నికరంగా 40 లీటర్ల గాలి. ప్లంబింగ్ కొట్టులో దొరికే నాలుగంగుళాల పీవీసీ పైపు తీసుకుని, లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకుందాం. ధ్వని వేగం సెకనుకు 346 మీటర్లు వేసుకుంటే గాలికి కావలసిన మెడ పొడవు 48.6 సెంటీమీటర్లు వస్తుంది. పైపు రెండు కొసల దగ్గరా బయటి గాలి కొంత తోడుగా కదులుతుంది, దానికి 7.3 సెంటీమీటర్లు తీసేయాలి. కోయవలసిన పైపు 41 సెంటీమీటర్లు.

లోపల 7.5 సెంటీమీటర్ల పైపు వాడితే 22 సెంటీమీటర్లతో పని అయిపోతుంది కదా అనిపిస్తుంది. అవుతుంది, కానీ అంతే గాలి దాదాపు సగం వైశాల్యంలోంచి పోవాలి. వాల్యూమ్ పెంచగానే పైపు బుస్సుమంటుంది, డప్పు దెబ్బకు ముందు గాలి చప్పుడు వినిపిస్తుంది. పైపులో గాలి సెకనుకు 17 మీటర్ల లోపు ఉండాలని తయారీదారులు ఒక హద్దు పెట్టుకుంటారు. చోటుంటే వెడల్పు పైపే మంచిది.

ఇప్పుడు బాక్సు కొలతలు. 40 లీటర్లకు పైపు తినే 4 లీటర్లు, స్పీకర్ వెనక భాగం తినే 2 లీటర్లు, అడ్డచెక్కకు 1 లీటరు కలిపితే 47. లోపల 56 సెంటీమీటర్ల పొడవు, 33 ఎత్తు, 25.5 లోతు ఉంచితే సరిపోతుంది. 18 మిల్లీమీటర్ల చెక్కతో చేస్తే బయటికి సుమారు 60, 37, 29 సెంటీమీటర్లు. 2018లో వచ్చిన స్విఫ్ట్ డిక్కీ 268 లీటర్లు. అందులో పావు వంతు దాకా ఈ బాక్సే తీసేసుకుంటుంది. సంక్రాంతికి నెల్లూరు వెళ్ళేటప్పుడు పెట్టెలు ఎక్కడ పెట్టాలో ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. రాని గొడవ కాదిది.

పైపును పక్క చెక్కలోంచి పొడవునా లోపలికి దించండి. లోపలి కొసకు, ఎదుటి చెక్కకు మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ ఉండాలి. మన లెక్కలో 15 సెంటీమీటర్లు మిగిలింది. పైపును వెనక మూలకు జరిపితే స్పీకర్ అయస్కాంతానికి తగలదు. అయినా చెక్క కోయకముందే అట్టముక్కతో ఒకసారి సరిచూసుకోండి.

ఇంత లెక్క చూసి భయపడనవసరం లేదు. పైపు ఒక సెంటీమీటరు అటూఇటూ అయితే ట్యూనింగ్ మారేది హెర్ట్జ్‌లో మూడో వంతు. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు లోపల 50 డిగ్రీలకు చేరితే ధ్వని వేగమే పెరిగి 35 కాస్తా 36.5 అవుతుంది. వడ్రంగి గీతకు ఆ మాత్రం స్వేచ్ఛ ఉంది. గాలి లీకుకు మాత్రం లేదు.

ఉప్పుగాలి ఊళ్ళో చెక్క

ప్రపంచంలో చాలామంది సబ్‌వూఫర్ బాక్సుకు ఎండీఎఫ్ వాడతారు. బరువుగా, సమంగా ఉంటుంది, కోస్తే పేళ్ళు లేవవు. చెన్నైలో మాత్రం నేను దానికి ఓటు వెయ్యను. సముద్రపు తేమ కోసిన అంచుల్లోంచి లోపలికి వెళ్తుంది, అంచు ఉబ్బితే స్క్రూ పట్టు వదిలేస్తుంది. 2015 డిసెంబరు వరదలో, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఎన్ని కార్లు నీళ్ళపాలయ్యాయో అందరికీ గుర్తే. నీళ్ళలో నానిన ఎండీఎఫ్ ఆరినా పాత ఆకారానికి రాదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ ఖరీదు ఎక్కువే కానీ తేమకు తట్టుకుంటుంది, తేలికగా కూడా ఉంటుంది. ప్లైవుడ్ కొట్టువాళ్ళు పెద్ద షీటు కొన్నవాళ్ళకు యంత్రం మీద కోసి ఇస్తారు. కొలతల కాగితం రాసుకెళ్ళండి. చేతి రంపంతో ఇంట్లో కోసిన అంచు నిలువుగా ఉండదు, మూలల్లో సందులు పడతాయి.

జిగురుకు ఫెవికాల్ మెరైన్ వాడండి. స్క్రూ పట్టే ముందు సన్నగా డ్రిల్లు వేయకపోతే పొరలు చీలుతాయి. మూలలన్నిటికీ లోపలినుంచి జిగురు పొర పట్టించి, రాత్రంతా ఆరనివ్వండి. కొందరు సిలికాన్ పట్టించిన గంటలోనే స్పీకర్ బిగించేస్తారు, అది మంచిది కాదు. కొన్ని రకాల సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లపు ఆవిరి వదులుతుంది, మూసిన పెట్టెలో స్పీకర్ లోహభాగాలకు అది పడదు. స్పీకర్ అంచు కింద ఫోం టేపు వేయడం మరవకండి. పైపు రెండు కొసలనూ ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దండి, గాలి చప్పుడు తగ్గుతుంది.

ఒక చిన్న జాగ్రత్త. పైపును మొదట 45 సెంటీమీటర్లకు కోయించండి, అంటించకుండా బిగువుగా దూర్చండి. ఎక్కువైతే తర్వాత కోసుకోవచ్చు, తక్కువైతే అతికించలేం.

వేలికొసతో పరీక్ష

ఇప్పుడు అసలు సరదా. ఫోనులో టోన్ జెనరేటర్ యాప్ వేసుకుని, వాల్యూమ్ బాగా తగ్గించి 50 హెర్ట్జ్ మోగించండి. కోన్ అంచు మీద వేలికొస తేలిగ్గా ఆనిస్తే కదలిక తెలుస్తుంది. రెండో చెయ్యి పైపు మూతి దగ్గర పెట్టండి. ఒక్కో హెర్ట్జ్ దిగుతూ రండి. నలభై దాటి కిందికొచ్చేసరికి వేలికింద కోన్ నెమ్మదిస్తుంది, అరచేతికి గాలి తగలడం పెరుగుతుంది. ఒకచోట కోన్ దాదాపు ఆగిపోతుంది, పైపు మాత్రం ఊదుతూనే ఉంటుంది. ఇంకో రెండు మూడు హెర్ట్జ్ దిగితే కోన్ మళ్ళీ మేల్కొని ఎగరడం మొదలుపెడుతుంది. కోన్ ఆగిన ఆ అంకే మీ బాక్సు శ్రుతి. 45 సెంటీమీటర్ల పైపుతో అది 34 దగ్గర ఉండాలి. బాగా ఎక్కువ వచ్చిందంటే బాక్సు లోపలి చోటు లెక్కకంటే తగ్గిందన్నమాట. కోన్ ఎక్కడా స్పష్టంగా ఆగకపోతే లీకును అనుమానించండి. అగరుబత్తి వెలిగించి మూలల వెంట తిప్పితే గాలి ఎక్కడినుంచి తోస్తోందో పొగ చెప్పేస్తుంది.

కోన్ మళ్ళీ ఎగరడం మొదలైందే, అది వినోదం కాదు, హెచ్చరిక. ట్యూనింగ్ కంటే కిందికి పోతే పైపులో గాలి అటూఇటూ ఊరికే పోతుంది, కోన్‌ను ఆపే స్ప్రింగు ఉండదు. ఒక స్థాయి (ఆక్టేవ్) దిగేసరికి మూసిన బాక్సు శబ్దం 12 డెసిబెల్స్ పడితే పోర్టు బాక్సుది 24 పడుతుంది. వినిపించని శబ్దం కోసం కోన్ హద్దు దాటి కొట్టుకుంటుంది, వాయిస్ కాయిల్ దెబ్బతింటుంది. యాంప్లిఫయర్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటే 28-30 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అది లేని యాంప్‌తో పోర్టు బాక్సు నడపకండి.

వైరింగ్ విషయంలో పొదుపు పనికిరాదు. 300 వాట్ల నిజమైన శక్తి ఇచ్చే క్లాస్ డి యాంప్, 80 శాతం సామర్థ్యంతో, బ్యాటరీ నుంచి 27 ఆంపియర్ల దాకా లాగుతుంది. నాణ్యమైన రాగి తీగ, బ్యాటరీకి జానెడు రెండు జానల లోపే ఫ్యూజు ఉండాలి. రాగిపూత వేసిన అల్యూమినియం తీగను రాగి పేరుతో అమ్ముతుంటారు, కొసను చాకుతో గీకితే లోపలి తెలుపు బయటపడుతుంది. స్పీకర్‌తో కలిపి బాక్సు పదిహేను కిలోల దాకా తూగుతుంది. దాన్ని బెల్టుతో డిక్కీ కొక్కేలకు కట్టండి. హైవే మీద గట్టిగా బ్రేకు వేస్తే కట్టని బాక్సు వెనక సీటు మీదికి వస్తుంది, ఆ సీట్లో కూర్చునేది మన పిల్లలే.

ఇంత ఓపిక లేదనుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే. కొలత తెలియని పోర్టు బాక్సు కొనేకంటే, మూసిన బాక్సు చేయించుకోండి. అందులో తప్పు చేసే వీలు తక్కువ. క్యాబిన్ ఇచ్చే సాయంతో చిన్న కారులో అదీ బాగానే పలుకుతుంది. లెక్క చూసి కట్టిన పోర్టు బాక్సు అంతకంటే నిండుగా పలుకుతుంది. లెక్క చూడని పోర్టు బాక్సు రెండింటికంటే హీనం.

చివరగా ఇరుగుపొరుగు సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. ఈ కొలత మనిషి చెవికి తగ్గట్టు సవరించిన ఎ-స్కేలు మీద ఉంటుంది. ఆ స్కేలు 40 హెర్ట్జ్ శబ్దాన్ని దాదాపు 35 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అంటే మీ బేస్‌కు పక్కింటి కిటికీ అద్దాలు గలగలలాడుతున్నా మీటరు ముల్లు పెద్దగా కదలకపోవచ్చు. సన్నని శబ్దాన్ని గోడ ఆపుతుంది, మంద్రాన్ని ఆపదు. మీటరు పట్టుకోలేదు కదా అనుకోకండి. రాత్రి సందులోకి తిరిగేటప్పుడు బేస్ నాబ్ సున్నాకు తిప్పేయండి.